చెక్క పెన్నులో ముడి డిజైన్ పొదగడం ఎలా? రంపం దగ్గర నుంచి రీఫిల్ దాకా

నా చెక్క పెన్ను చేతిలోకి తీసుకున్న ప్రతివాళ్లూ అడిగేది ఒకటే, "ఆ తెల్ల గీతలు ఒకదాని మీంచి ఒకటి పోయి ముడి పడ్డట్టు ఉన్నాయి, పెయింటా అండీ?" అని. పెయింటూ కాదు స్టిక్కరూ కాదు, చెక్కలో చెక్క పొదిగింది. పొదగడం అంటే కోడి గుడ్ల సంగతి అనుకునేరు, ఉంగరంలో రాయి పొదిగినట్టు అన్నమాట. విడివిడిగా ఒక్కొక్కళ్లకి చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది కాబట్టి మొత్తం ఒకచోట రాసి పెడుతున్నా.

ముందే ఒక మాట చెప్పేస్తా. చేతి నైపుణ్యం, కళ అని భయపడకండి, ముడి అందంగా పడాలంటే మూడే మూడు చూసుకోవాలి. చెక్క ముక్క నాలుగు పక్కలా సరిసమానంగా ఉండాలి, రంపం కోసిన గాడి ఎంత మందమో లోపల పెట్టే పట్టీ అంతే మందం ఉండాలి, నాలుగు కోతలూ ఒకే సెంటర్ గుండా పోవాలి. నా మొదటి మూడు పెన్నులూ చెత్తబుట్టలోకి పోయింది ఈ మూడిట్లో ఏదో ఒకటి తప్పడం వల్లే, లేత్ (చెక్కని తిప్పుతూ ఉంటే ఉలితో గుండ్రంగా చెక్కుకునే మెషీన్) మీద చెయ్యి తిరగక కాదు.

ఏమేం కావాలి

- స్లిమ్‌లైన్ పెన్ కిట్. అందరూ మొదలుపెట్టేది దీంతోనే, రెండు ఇత్తడి ట్యూబులు, మొన, క్లిప్పు, మధ్య రింగు, తిప్పే మెకానిజం, రీఫిల్ అన్నీ అందులోనే వస్తాయి
- ఆ కిట్‌కి సరిపడే బుషింగులు (ట్యూబు కొనల్లో పెట్టే రింగులు, చెక్కని ఎంత లావుకి దించాలో చూపించేవి), పెన్ మాండ్రెల్ (ట్యూబులు గుచ్చి లేత్‌కి బిగించే కడ్డీ)
- 7 మి.మీ. డ్రిల్ బిట్, కొత్తదైతే మంచిది
- 18 మి.మీ. చదరం, 130 మి.మీ. పొడవు ఉన్న ముదురు రంగు చెక్క ముక్క
- పట్టీకి లేత రంగు వెనీర్ (పల్చగా తీసిన చెక్క పొర)
- 45 డిగ్రీల గాడి ఉన్న మైటర్ బాక్సు (రంపం పక్కకి పోకుండా గాడిలో నడిపించే పెట్టె), దానికి సన్నపళ్ల రంపం
- రెండు ట్యూబుల్లో వచ్చే, కలిపి వాడే ఎపాక్సీ జిగురు (ఆరల్డైట్ లాంటిది, నెమ్మదిగా ఆరే రకం), ఫెవిక్విక్ రకం జిగురు పల్చనిదీ కాస్త చిక్కనిదీ
- సాండ్‌పేపర్ 150, 220, 320, 400, 600, దొరికితే మైక్రోమెష్ సెట్టు (సాండ్‌పేపర్ కంటే ఇంకా నున్నగా రుద్దేవి)
- మూలమట్టం, వెర్నియర్ కాలిపర్, వైస్, కళ్లద్దాలు, మాస్కు

లేత్ లేదా? అప్పుడు డ్రిల్ మెషీన్‌ని వైస్‌లో కదలకుండా బిగించి, దాని నోట్లో 6 మి.మీ. మరకడ్డీ పెట్టి, ట్యూబునీ బుషింగులనీ నట్లతో బిగించి, ఆకురాయితోనూ సాండ్‌పేపర్‌తోనూ కూడా చెయ్యొచ్చు. కడ్డీ ట్యూబులో కొంచెం వదులుగా ఉంటుంది కాబట్టి రెండు చుట్లు టేపు చుట్టండి. గంటలో అయ్యే పని ఒక పూట పడుతుంది, ఐనా పెన్ను పెన్నే.

ఏ కర్ర తీసుకోవాలి

ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తా ఎందుకంటే ప్రశ్నలు ఎక్కువ దీని మీదే వస్తాయి. కొనక్కర్లేదండి. పాత మంచం కోడు, విరిగిన రోకలి, ఇల్లు పడగొట్టినప్పుడు మిగిలిన గుమ్మం ముక్క, ఇవన్నీ ఏళ్ల తరబడి ఆరి ఉంటాయి, కొత్త కర్ర ఏదీ వీటికి సాటి రాదు. పైగా నాయనమ్మ మంచం కోడుతో చేసిన పెన్ను అంటే ఇంట్లోవాళ్లు దాన్ని పెట్టెలో దాచుకుంటారు. కానీ పాత కర్రలో మేకులుంటాయి, కొయ్యబోయే ముందు అయస్కాంతం పెట్టి అంతా తడమండి. పాత పెయింట్లలో సీసం ఉండొచ్చు, కాబట్టి పెయింట్ పొర రుద్ది దుమ్ము చెయ్యొద్దు, చిత్రిక పట్టి పెచ్చులుగా తీసి పడెయ్యండి.

రంగుల జోడీకి వస్తే రోజ్‌వుడ్‌లో వెనీర్ తెల్లపట్టీ అద్దిరిపోతుంది. చింత చేవ, తుమ్మ చేవ కూడా ముదురు రంగే, గట్టివే. టేకు తేలిక, కానీ అది సహజంగా జిడ్డు కర్ర, జిగురు పట్టే చోట స్పిరిట్‌తో తుడిచి ఆరనిచ్చి అప్పుడు అంటించాలి, లేకపోతే లేత్ మీద ఊడి మొహం మీదకి వస్తుంది. ఏటికొప్పాక బొమ్మలకి వాడే అంకుడు కర్ర తెల్లగా, నున్నగా, నారలు కనపడకుండా ఉంటుంది కాబట్టి దాన్ని పట్టీకి వాడితే భలే ఉంటుంది, మెయిన్ చెక్కగా వద్దు, మెత్తన.

ఎర్రచందనంతో చెయ్యొచ్చా అని వారానికొకరు అడుగుతారు. అటవీశాఖ కాగితాలు లేని ముక్క అయితే అరచేతిలో పట్టేదైనా సరే ముట్టుకోవద్దు, పెన్ను కోసం కేసు ఎందుకండీ.

కర్ర ఆరిందో లేదో ఎలా తెలుస్తుంది? వంటింట్లో గ్రాముల తూకం ఉంటే ముక్క బరువు రాసుకోండి, వారం తర్వాత మళ్లీ తూచండి, ఇంకా తగ్గుతుంటే ఇంకా పచ్చిదే. బరువు ఒకచోట ఆగాకే పని మొదలుపెట్టండి. మాది కాకినాడ, వర్షాకాలంలో ఆరిన కర్ర కూడా మళ్లీ తేమ పీల్చి బరువు పెరుగుతుంది, అందుకే నేను ముక్కల్ని పాలిథిన్ కవర్లో కట్టి అటక మీద పెడతా.

పని మొదలు

1. ముక్కని చదరం చెయ్యండి. చిత్రిక పట్టి నాలుగు పక్కలా 18 మి.మీ. రావాలి, మూలమట్టం పెట్టి చూస్తే వెలుతురు సందు కనపడకూడదు. కాలిపర్‌తో రెండు కొనల్లో, మధ్యలో కొలవండి, తేడా 0.2 మి.మీ. దాటితే మళ్లీ పట్టండి. బోర్ కొట్టే పని అని దీన్ని దాటేస్తారు, అక్కడే మొత్తం పోతుంది. ముక్క ఒక పక్క 18, ఇంకో పక్క 17 ఉంటే తిప్పిన ప్రతిసారీ సెంటర్ జరుగుతుంది, చివర్లో ముడి బదులు నాలుగు గీతలు ఎటు పడితే అటు పోయినట్టు కనపడతాయి.

2. గుర్తులు పెట్టండి. నాలుగు పక్కలకీ 1, 2, 3, 4 అని వరసగా అంకెలు వెయ్యండి. ఒక కొన నుంచి 30 మి.మీ. దగ్గర నాలుగు పక్కలా చుట్టూ గీత గియ్యండి, ముడి సెంటర్ అదే. 62 మి.మీ. దగ్గర ఇంకో గీత, తర్వాత పై ముక్కనీ కింద ముక్కనీ వేరు చేసేది అక్కడ. ఆ గీతని దాటి పోయేలా ఒక పక్కన నిలువుగా ఒక గీత కూడా గియ్యండి, నారల వరస రెండు ముక్కల్లో కలవాలంటే అదే ఆధారం. ముడి పై ముక్కలోనే ఎందుకంటే కింద ముక్కని వేళ్లు పట్టుకుంటాయి, అంత కష్టపడి వేసింది కనపడొద్దూ.

3. పట్టీ మందం చూసుకోండి. వేస్టు ముక్కలో మీ రంపంతో ఒక కోత కొయ్యండి. వెనీర్‌ని ఆ గాడిలో పెట్టి చూడండి. మామూలు వెనీర్ అర మిల్లీమీటరు దగ్గర ఉంటుంది, మైటర్ బాక్స్ రంపం కోత 1 మి.మీ. దగ్గర ఉంటుంది, కాబట్టి చాలాసార్లు రెండు పొరలు అంటించుకోవాల్సి వస్తుంది. రెండిటి మధ్య ఇంకో రంగు పొర పెడితే మూడు చారల పట్టీ వస్తుంది, అప్పుడు పొరలు పల్చనివి ఎంచుకోండి. వేలితో తోస్తే దిగాలి, తలకిందులు చేస్తే జారిపోకూడదు, అదీ సరైన లెక్క. సుత్తితో కొట్టాల్సి వస్తే మందం ఎక్కువ, ముక్క వంగిపోతుంది. వదులుగా ఉంటే జిగురు నింపుతుందిలే అనుకుంటారు చూడండి, నింపదు, బిగించినప్పుడు ముక్క ఆ పక్కకి ఒరిగిపోతుంది.

వెనీర్ దొరకని వాళ్లకి ఒక కిటుకు. కాలం చెల్లిన ఏటీఎం కార్డు 0.76 మి.మీ. మందం ఉంటుంది, సన్న కోత రంపానికి సరిగ్గా సరిపోతుంది. రెండు పక్కలా ప్రింట్ పోయేదాకా గరుకు కాగితంతో రుద్దితే ఎపాక్సీ పట్టుకుంటుంది (రుద్దాక మందం కాస్త తగ్గుతుంది, అది కూడా చూసుకోండి). చిప్ ఉన్న భాగం వదిలెయ్యండి. అల్యూమినియం, ఇత్తడి రేకులు కూడా పెట్టొచ్చు గానీ డ్రిల్ చేసేటప్పుడు రేకు వేడెక్కి జిగురు వదిలేస్తుంది, ఒక నాలుగైదు పెన్నులు చేశాక ప్రయత్నించండి.

పట్టీ సైజు 28 మి.మీ. పొడవు, 22 మి.మీ. వెడల్పు. 18 మి.మీ. ముక్కని ఏటవాలుగా కోస్తే కోత పొడవు 25న్నర దాకా వస్తుంది, అందుకే అంత. నాలుగు పట్టీలు ఒకేసారి కోసి పెట్టుకోండి.

4. మొదటి కోత. మైటర్ బాక్సులో ముక్కని 1వ అంకె పైకి ఉండేలా పెట్టి, సెంటర్ గీత మధ్య బిందువు సరిగ్గా రంపం కింద ఉండేలా సర్దండి. ఇప్పుడు ముక్క కొనకి ఆనించి ఒక చెక్కని బాక్సుకి బిగించండి, అది అడ్డుకట్ట. నాలుగు కోతలూ అయ్యేదాకా ఆ అడ్డుకట్టని కదిలిస్తే ఒట్టు. కిందికంటా కొయ్యొద్దు, అడుగున 2 మి.మీ. వదిలెయ్యండి. రెండు ముక్కలూ విడిపోకుండా పట్టుకునేది ఆ 2 మిల్లీమీటర్లే, తర్వాత లేత్ మీద అది ఎలాగూ చెక్కేస్తాం.

రంపం ఒత్తి తోయకండి, దాని బరువుతో దాన్ని పోనివ్వండి. కరెంటు రంపం ఉన్నవాళ్లు కూడా ఇంత చిన్న ముక్కకి చేతిరంపమే వాడండి, వేళ్లు పదే ఉన్నాయి.

5. పట్టీ అంటించండి. గాడిలో రంపపు పొట్టు ఊదేసి, ఎపాక్సీ గాడికీ పట్టీకీ రెండు పక్కలా పట్టించి, తోసి, ఖాళీ పాల ప్యాకెట్ కోసి పరిచి దాని మీద ముక్కని పెట్టండి, పాల ప్యాకెట్‌కి ఎపాక్సీ అంటదు. ఒక తిన్నని ఇనుప యాంగిల్‌కి ఆనించి సైకిల్ ట్యూబు ముక్కతో చుట్టి కట్టేస్తే ముక్క వంకర పోదు. రేపటిదాకా ముట్టుకోవద్దు. పెట్టె మీద అరగంటలో గట్టిపడుతుంది అని రాసి ఉన్నా సరే.

6. చదును చేసి మళ్లీ కొయ్యండి. మర్నాడు బయటికి పొడుచుకొచ్చిన పట్టీని, కారిన జిగురుని ఆకురాయితో పూర్తిగా చదును చెయ్యండి. ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే. అర మిల్లీమీటరు జిగురు బొట్టు మిగిలినా ముక్క బాక్సులో సరిగా కూర్చోదు, రెండో కోత పక్కకి పోతుంది. గోరుతో గీరి చూడండి, ఎక్కడా తగలకూడదు. తర్వాత ముక్కని పావు చుట్టు తిప్పి 2 అంకె పైకి పెట్టి, కొనని అదే అడ్డుకట్టకి ఆనించి అలాగే కొయ్యండి, పట్టీ పెట్టండి. తర్వాత 3. తర్వాత 4. రోజుకొక కోత, నాలుగు రోజులు. తొందరపడి ఒకే రోజు రెండు కోతలు కోస్తే ముక్క మూడు ముక్కలై చేతిలో ఉంటుంది, అనుభవంతో చెప్తున్నా.

ఈ దశలో చూస్తే ముడి ఏమీ కనపడదు, అడ్డదిడ్డంగా గీతలున్న చెక్క ముక్క కనపడుతుంది. కంగారు పడొద్దు, గుండ్రంగా చెక్కినప్పుడే ఆ ఏటవాలు కోతలు ఉంగరాల్లా తేలి ఒకదాన్నొకటి దాటతాయి. 45 డిగ్రీల కోతకి ఉంగరం పొడవు పెన్ను లావుకి సమానంగా వస్తుంది, అంటే 10 మి.మీ. చిల్లర. ఇంకా సాగినట్టు కావాలంటే పెన్ను పొడవుతో 30 డిగ్రీలు ఉండేలా కొయ్యాలి, అప్పుడు పొడవు సుమారు 1.7 రెట్లు అవుతుంది, దానికి తగ్గట్టు పట్టీ కూడా పొడుగ్గా కోసుకోవాలి.

7. డ్రిల్ చెయ్యండి. 62 దగ్గర కోసి రెండు ముక్కలు చేసుకోండి. ట్యూబు పొడవు 53 మి.మీ. ఉంటుంది, మిగిలింది ఊరికే పోదు, డ్రిల్ బయటికి వచ్చే చోట చెక్క చిట్లుతుంది కాబట్టి చిట్లింది కోసి పారేయడానికి ఆ అదనం. బెంచి డ్రిల్ ఉంటే ముక్క నిట్టనిలువుగా ఉందో లేదో మూలమట్టంతో చూసి వైస్‌లో బిగించండి. తక్కువ స్పీడు. ఒక సెంటీమీటరు దిగగానే పైకి తీసి పొట్టు దులపండి, మళ్లీ దించండి. పొగ వాసన వస్తే ఆపి చల్లారనివ్వండి, ఎపాక్సీ వేడికి మెత్తబడుతుంది, అప్పటిదాకా పడ్డ కష్టం బూడిదలో పోసినట్టే. బెంచి డ్రిల్ లేకపోతే దగ్గర్లో లేత్ వర్క్స్ వాళ్లని బతిమాలి చేయించుకోండి, చేత్తో పట్టుకుని డ్రిల్ చేస్తే నిలువుగా రావడం కల్ల.

8. ట్యూబు అంటించండి. ఇత్తడి ట్యూబుని 150 పేపర్‌తో అడ్డదిడ్డంగా గీతలు పడేలా రుద్దండి, ఎపాక్సీ పూసి తిప్పుతూ లోపలికి తోయండి. వడ్రంగులు వాడే తెల్ల జిగురు ఇక్కడ పనికిరాదు, అది లోహానికి పట్టదు. ట్యూబు కొనలోకి జిగురు పోకుండా ముందే కొవ్వొత్తి మైనం గుచ్చి మూసెయ్యండి, తర్వాత పుల్లతో తీసేస్తే సరి. ముడి సెంటర్ ట్యూబు మధ్యకి వచ్చేలా చూసుకోండి.

9. కొనలు చదును. ఆరాక బ్యారెల్ ట్రిమ్మర్‌తో ఇత్తడి మెరిసేదాకా చెక్క కొనని చెక్కండి. ఇత్తడి కనపడగానే ఆపండి, ట్యూబు పొట్టిదైపోతే రీఫిల్ లోపలికి పోదు. ట్రిమ్మర్ లేకపోతే బల్ల మీద సాండ్‌పేపర్ పరిచి ముక్కని నిలువుగా పట్టుకుని రుద్దండి, మాటిమాటికీ మూలమట్టం పెట్టి చూసుకోండి.

10. లేత్ మీద. చున్నీ, ఫుల్ హ్యాండ్స్, గ్లౌజులు, మణికట్టుకి కట్టుకున్న దారాలు అన్నీ తీసేసి కూర్చోండి. గ్లౌజులు కూడానా అంటారేమో, అవును, అవే ముందు లేత్ లాగేస్తుంది. కళ్లద్దాలూ మాస్కూ పెట్టుకోండి, రోజ్‌వుడ్ పొట్టు కొంతమందికి ఒళ్లంతా దద్దుర్లు తెప్పిస్తుంది.

స్పీడు నిమిషానికి 1500 నుంచి 2000 చుట్లు. ఉలి పదును పెట్టి, పల్చగా పల్చగా తియ్యండి. నలుచదరం పోయి గుండ్రం రాగానే ఆపి చూడండి, ముడి బయటపడుతూ ఉంటుంది, మొదటిసారి ఆ క్షణం బావుంటుంది. పట్టీ పక్కన సన్న సందు కనపడితే అక్కడే ఆగి పల్చని ఫెవిక్విక్ ఒక చుక్క వెయ్యండి, దానంతట అదే పీల్చుకుంటుంది, ఆరాక ముందుకి పోండి. బుషింగ్ లావు 8.4 మి.మీ. దగ్గర, ట్యూబు 7, అంటే కొనల్లో మిగిలే చెక్క మందం ముప్పావు మిల్లీమీటరు కూడా ఉండదు. అందుకే చివరి కాస్తని ఉలితో తియ్యొద్దు, సాండ్‌పేపర్‌తో దించండి. మధ్యలో 10, 11 మి.మీ. పొట్ట వదిలితే చేతికి నిండుగా ఉంటుంది.

11. సాండింగ్. 150 నుంచి 600 దాకా ఒక్క నంబరూ దాటెయ్యకుండా పోండి. ప్రతి నంబరు తర్వాతా లేత్ ఆపి, పొడవునా నాలుగు రుద్దులు రుద్దండి, అప్పుడే చుట్టూ పడ్డ గీతలు పోతాయి. చూసుకోవడం ఎలాగంటే దీపం పక్కన పెట్టి ఏటవాలు వెలుతుర్లో చూడండి. ఎదురు వెలుతుర్లో అన్నీ నున్నగానే కనపడతాయి, పాలిష్ వేశాక ఒక్కో గీతా వెక్కిరిస్తుంది.

తెల్లపట్టీ పక్కన ముదురు చెక్క ఉంటే ఆ రంగు పొడి తెల్లదాన్లోకి దిగి మురికిగా అవుతుంది. తడిగుడ్డతో తుడిస్తే ఇంకా పాకుతుంది. ప్రతిసారీ బ్రష్‌తో దులపండి, 320 తర్వాత పల్చని ఫెవిక్విక్ ఒక పూత పూసేస్తే ఆ బాధ చాలా మటుకు తగ్గుతుంది.

12. పాలిష్. గట్టి గాజులాంటి మెరుపు కావాలంటే ఫెవిక్విక్ రకం జిగురే పూత. లేత్ స్పీడు బాగా తగ్గించి, టిష్యూ పేపర్ మీద రెండు చుక్కలు వేసి ఈ కొన నుంచి ఆ కొనకి ఒక్కసారి లాగండి, ఆరనివ్వండి, ఇలా ఎనిమిది పది పూతలు. నూలు గుడ్డ వాడొద్దు, ఆ జిగురు నూలుతో కలిస్తే వేడెక్కి పొగ వస్తుంది, వేలు కాలుతుంది. కిటికీ తెరిచి పెట్టండి, ఆవిరి కళ్లని మండిస్తుంది. తెల్ల మచ్చలు వస్తే తేమ ఉన్నట్టు, ఆ పూత 400తో తీసేసి ఎండ వచ్చినప్పుడు మళ్లీ వెయ్యండి. చివర్లో మైక్రోమెష్‌తో 1500 నుంచి 12000 దాకా నీళ్లతో రుద్దితే మొహం కనపడుతుంది.

జిగురు పూత వద్దనుకునేవాళ్లు లక్క పాలిష్ వెయ్యొచ్చు, చెక్క చెక్కలాగే అనిపిస్తుంది, కానీ రోజూ రాసే పెన్ను అయితే చెమటకి కొన్నాళ్లకే మాసిపోతుంది. నాకైతే లక్కే ఇష్టం, అమ్మేవాటికి మాత్రం జిగురు పూతే వేస్తా.

బుషింగులు పూతతో అతుక్కుపోయి ఉంటాయి. లాగి పీకకండి, పూత పెచ్చులు లేస్తుంది. సందులో బ్లేడుతో చుట్టూ గీసి అప్పుడు తియ్యండి.

13. బిగించడం. వైస్ దవడలకి చెక్క ముక్కలు అడ్డం పెట్టండి. కింద ట్యూబుకి ఒక వైపు మొన నొక్కండి, రెండో వైపు మెకానిజం ఇత్తడి వైపు ముందుగా, కొంచెమే నొక్కి ఆపి, రీఫిల్ పెట్టి తిప్పి చూడండి. రీఫిల్ మొన బయటికి చాలినంత రాకపోతే ఇంకొంచెం నొక్కండి, మళ్లీ చూడండి. ఎక్కువ నొక్కేస్తే మెకానిజం వెనక్కి రాదు, తిప్పినా మొన లోపలికి పోని పెన్ను మిగులుతుంది. పై ట్యూబులో క్లిప్పూ టోపీ నొక్కి, మధ్య రింగు తొడిగి, నారల గీత కలిసేలా రెండూ కలపండి.

ముడి సరిగా పడిందా? పెన్నుని మెల్లగా తిప్పుతూ రెండు ఉంగరాలు దాటే చోట్లు చూడండి. అవి పైన, మధ్య, కింద అని మూడు వరసల్లో పడతాయి, ఏ వరసలోవి ఆ వరసలో ఒకే ఎత్తులో ఉంటే ముక్క చదరం, అడ్డుకట్ట రెండూ బావున్నట్టు. ఒక ఉంగరం మిగతావాటికంటే పైకో కిందికో ఉంటే ఆ కోతప్పుడు ముక్క అడ్డుకట్టకి ఆనలేదు లేదా జిగురు బొట్టు మిగిలింది. దాటే చోట గీత మెట్టులా విరిగి ఉంటే పట్టీ మందం తేడా. ఒక పక్క ఉంగరం పెద్దదిగా, ఎదురు పక్క చిన్నదిగా ఉంటే డ్రిల్ పక్కకి పోయింది.

నాలుగు రోజులు ఓపిక లేదండీ అనేవాళ్లకి. పెన్నుని 220 దాకా సాండ్ చేశాక ఉలి మొనతో చుట్టూ 1 మి.మీ. వెడల్పు గాడి తియ్యండి, ట్యూబు దాకా దించొద్దు. తాళంచెవులు చేసే షాపు దగ్గర ఇత్తడి పొడి ఊరికే ఇస్తారు, దాన్ని కాగితం మీద పోసి కింద నుంచి అయస్కాంతం తిప్పండి, ఇనప రజను వేరవుతుంది, అది ఉంటే తర్వాత తుప్పు పట్టి నల్లమచ్చలు వస్తాయి. పొడిని గాడిలో నొక్కి నింపి పల్చని జిగురు చుక్కలు వేసి, ఆరాక ఇంకోసారి నింపి, 220 నుంచి మళ్లీ రుద్దుకుంటూ పోతే బంగారు రంగు చార వస్తుంది. గంటలో పని. నింపే ముందు గాడి పక్కల్లో ఒక పూత జిగురు వేసుకోండి, లేకపోతే ఇత్తడి పొడి నారల్లోకి దూరి చార అంచు మసకగా వస్తుంది.